పెర్ఫార్మెన్స్.నౌ ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కో లెక్క ఎందుకు చెబుతోంది?

గణవిభజన

అందరికీ నమస్కారం. పద్యం ఇస్తే గురులఘువులు గుర్తించి, గణాలుగా విడగొట్టి, అది ఏ వృత్తమో చెప్పే చిన్న వెబ్ పేజీ ఒకటి సెలవు రోజుల్లో రాసుకుంటూ వస్తున్నాను. పని సవ్యంగానే జరుగుతోంది. ఈ మధ్య అక్షరాలను విడదీసే ఫంక్షన్‌ను మొదటి నుంచి తిరగరాశాను. పాతదానికంటే కొత్తది వేగంగా నడుస్తోందో లేదో తేల్చుకుందామని, దాన్ని పిలిచే ముందొకసారి, పిలిచిన తరువాత ఒకసారి పెర్ఫార్మెన్స్.నౌ (సమయాన్ని మిల్లీసెకన్లలో చెప్పే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) విలువ తీసుకుని, రెండింటి తేడా చూశాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒక ఉత్పలమాల పద్యాన్ని, అంటే పాదానికి 20 చొప్పున 80 అక్షరాలను ఇచ్చినప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో వరుసగా వచ్చిన పది జవాబులు ఇవి: 1, 0, 0, 0, 0, 1, 0, 0, 0, 0. అదే పేజీని అదే ల్యాప్‌టాప్ మీద క్రోమ్‌లో తెరిస్తే మొదటి జవాబు 0.9 దరిదాపుల్లో వచ్చింది, తరువాతివన్నీ 0 గానీ, 0.10000002384185791 గానీ, 0.09999999403953552 గానీ అయ్యాయి. ఐఫోన్‌లోని సఫారీ ఫైర్‌ఫాక్స్ లాగానే సున్నాలూ ఒకట్లూ చూపుతోంది.

ఈ ఫంక్షన్ మిల్లీసెకనులో వెయ్యో వంతు వరకు కొలుస్తుందని ఎన్నో పాఠాలలో చదివాను. దశాంశ బిందువు తరువాత 17 అంకెలు చూపిస్తున్న క్రోమ్ 0.05 అనో 0.03 అనో ఒక్కసారైనా ఎందుకు చెప్పదు? ఫైర్‌ఫాక్స్ అసలు భిన్నాలే ఎందుకు ఇవ్వదు? పొరపాటు నా కోడ్‌లో ఉందా, బ్రౌజర్‌లలో ఉందా?

పాతకాపు

గణవిభజన గారూ, మీ కోడ్‌లో పొరపాటేమీ లేదు. బ్రౌజర్‌లలో ఉన్నది కూడా పొరపాటు కాదు, కావాలని చేసిన పని. ఆ కారణాన్ని భద్రత సంగతులు తెలిసినవారు నాకంటే బాగా చెబుతారు కాబట్టి, నేను అంతకు ముందరి కథ మాత్రం చెబుతాను.

జావాస్క్రిప్ట్‌కు మొదటి నుంచీ ఉన్న గడియారం డేట్. అది 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లను పూర్ణాంకంగా ఇస్తుంది. పేరుకు మిల్లీసెకన్లే గానీ, విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఆపరేటింగ్ సిస్టమ్ తన గడియారాన్ని సెకనుకు 64 సార్లు మాత్రమే ముందుకు జరిపేది, అంటే 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి. ఆ రోజుల్లో ఏ ఫంక్షన్‌ను కొలిచినా 0 రావాలి, లేదా 15 రావాలి, లేదా 16 రావాలి. మీరు ఈనాడు చూస్తున్న సున్నాలూ ఒకట్లూ మాకు అప్పట్లో సున్నాలూ పదహార్లూ. రెండు జావాస్క్రిప్ట్ లైబ్రరీలలో ఏది వేగవంతమైనదని జనం వాదించుకునేవారు. ఆ వాదాల్లో సగం ఆ 15.6 మిల్లీసెకన్ల గుంటలో పడి కొట్టుకున్నవే.

డేట్‌కు ఇంకో జబ్బు ఉంది. అది గోడ గడియారం. నెట్‌వర్క్ నుంచి సరైన సమయం తెచ్చుకుని కంప్యూటర్ తన గడియారాన్ని దిద్దుకున్నప్పుడు, వాడుకరి సెట్టింగుల్లోకి వెళ్ళి సమయం మార్చినప్పుడు, డేట్ ముందుకు దూకవచ్చు, వెనక్కీ నడవవచ్చు. 2016 డిసెంబర్ 31 చివర లీపు సెకను కలిపారు. మన లెక్కన అది 2017 జనవరి 1 తెల్లవారి 5 గంటల 29 నిమిషాల 60వ సెకను. డేట్ లెక్కలో అటువంటి సెకనుకు చోటే లేదు. అందుకని డేట్‌తో కొలిచిన వ్యవధి ఒక్కోసారి రుణసంఖ్య కూడా కావచ్చు.

ఈ రెంటికీ మందుగా వచ్చినదే హై రిజల్యూషన్ టైమ్ ప్రమాణం. వెబ్ ప్రమాణాలు తయారుచేసే సంస్థ డబ్ల్యూ త్రీ సీ దానిని 2012 డిసెంబర్ 17న సిఫారసుగా ప్రకటించింది. పెర్ఫార్మెన్స్.నౌకు సున్నా అంటే పేజీ తెరవడం మొదలైన క్షణం. అక్కడి నుంచి అది ముందుకే నడుస్తుంది, ఎవరు గడియారం దిద్దినా వెనక్కి రాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10, ఫైర్‌ఫాక్స్ 15, క్రోమ్ 24 దీనిని ఇంచుమించు ఒకే కాలంలో అందుకున్నాయి. క్రోమ్ అంతకు ముందే 20వ వెర్షన్‌లో వెబ్‌కిట్ అన్న తోకతో ఇచ్చింది. సఫారీ మాత్రం 8వ వెర్షన్ దాకా, అంటే 2014 దాకా ఆగింది. ఈనాడు ఈ ఫంక్షన్ లేని బ్రౌజర్ వాడుకలో లేదనే చెప్పవచ్చు. ఫంక్షన్ అంతటా ఉంది, కానీ దాని నాణ్యం అంతటా ఒకటి కాదు.

కంచుకోట

పాతకాపు గారు ఆపిన చోట నుంచి అందుకుంటాను.

ప్రాసెసర్ తాను ఇటీవల వాడిన సమాచారాన్ని దగ్గరలో, క్యాష్‌లో, పెట్టుకుంటుంది. క్యాష్‌లో ఉన్నది కొద్ది నానోసెకన్లలో చేతికి వస్తుంది. లేనిదానికి ప్రధాన మెమొరీ దాకా వెళ్ళి రావాలి, దానికి ఇంచుమించు వంద నానోసెకన్లు పడుతుంది. ఒక చిరునామాను చదివి, ఎంతసేపు పట్టిందో కొలవగలిగితే, అంతకు ముందు ఆ చిరునామాను ఇంకెవరైనా తాకారా లేదా అన్నది తెలిసిపోతుంది. వంటింట్లో గిన్నె ముట్టుకుని వేడిగా ఉందంటే ఎవరో ఇప్పుడే పాలు కాచుకున్నారని కనిపెట్టడం వంటిదే ఇది. ఇక్కడ గిన్నెను ముట్టుకునే చెయ్యి గడియారం.

ఈ ఆలోచన వెబ్ పేజీలోకి ఒక్కసారిగా రాలేదు. 2013లో పాల్ స్టోన్ అనే పరిశోధకుడు, చిత్రాలకు ఫిల్టర్ వేయడానికి పట్టే సమయం చూసి పక్క సైటు తెర మీది పిక్సెళ్ళను చదవవచ్చని చూపాడు. 2015లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు పూర్తిగా జావాస్క్రిప్ట్‌తోనే క్యాష్ మీద నిఘా పెట్టగలిగారు. దానికి స్పందనగానే బ్రౌజర్‌లు పెర్ఫార్మెన్స్.నౌ మెట్టును, అంటే అది చూపే అతి చిన్న తేడాను, 5 మైక్రోసెకన్లకు పెంచాయి. అంతకంటే సన్నగా చెప్పగలిగినా చెప్పడం మానుకున్నాయి.

2018 జనవరి 3న మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాయి. ప్రాసెసర్ ముందుచూపుతో, ఊహ మీద నడిపి, తప్పని తెలిశాక రద్దు చేసుకున్న పని కూడా క్యాష్‌లో తన వేడిని వదిలి వెళుతుందని, ఆ వేడిని కొలిచి అదే ప్రాసెస్‌లోని ఏ రహస్యాన్నైనా చదవవచ్చని తెలిసింది. ఆ వారంలోనే బ్రౌజర్‌లన్నీ గడియారాల మీద పడ్డాయి. ఫైర్‌ఫాక్స్ జనవరి 4న విడుదలైన 57.0.4లో మెట్టును 20 మైక్రోసెకన్లు చేసింది. తరువాతి వెర్షన్లలో ఇంకా ముతక చేసి, చివరకు 1 మిల్లీసెకను దగ్గర నిలిచింది. ఎడ్జ్ 20 మైక్రోసెకన్లకు మార్చి, పైన మరో 20 వరకు యాదృచ్ఛికమైన కదలిక కలిపింది. క్రోమ్ 64 వెర్షన్‌లో మెట్టు 100 మైక్రోసెకన్లయింది. సఫారీ నేరుగా 1 మిల్లీసెకనుకు వెళ్ళింది. ఒకే పేజీలోని స్క్రిప్టులు మెమొరీని ఉమ్మడిగా వాడుకునే షేర్డ్‌అర్రేబఫర్‌ను అందరూ మూసివేశారు.

గణవిభజన గారు చూసిన 0.1 ఆ 100 మైక్రోసెకన్ల మెట్టే. ఇక ఆ 17 అంకెలు: క్రోమ్ రెండు సమయాలనూ ముందు మెట్టుకు కుదించి, తరువాత దశాంశాలను ద్విసంఖ్యామానంలో దాచుకుంటుంది. 0.1ని ద్విసంఖ్యలో కచ్చితంగా రాయలేము కాబట్టి, పెద్ద సంఖ్యలోంచి పెద్ద సంఖ్యను తీసివేసినప్పుడు తోకలో ఆ చెత్త మిగులుతుంది. మొదటి అంకె తరువాత ఉన్న పదహారు అంకెలకూ సమయంతో సంబంధం లేదు.

శంకరాభరణి

నాకొక అనుమానం. దొంగకు గడియారం ఇవ్వకపోతే దొంగ తానే ఒక గడియారం చేసుకుంటాడు. ఒక వర్కర్‌ను, అంటే పేజీ వెనుక విడిగా నడిచే స్క్రిప్టును పెట్టి, అందులో ఒక సంఖ్యను ఆపకుండా ఒకటి చొప్పున పెంచుకుంటూ పోతే, ఆ సంఖ్యే గడియారం కదా? మెట్టు అంచు కోసం కాచుకుని, అక్కడి నుంచి తరువాతి అంచు దాకా ఎన్ని చుట్లు తిరిగామో లెక్కపెడితే 1 మిల్లీసెకనును కూడా ముక్కలు చేయవచ్చు. ఈ తాళం దొంగను ఆపదు, పద్యం కొలుచుకునే మనలాంటివారిని మాత్రం ఆపుతుంది. ఇది భద్రతా, లేక భద్రత ఉన్నట్టు కనిపించడమా?

కంచుకోట

మీ అనుమానంలో న్యాయం ఉంది. కానీ మీ తీర్పు తొందరపాటు.

మీరు చెప్పిన రెండు ఉపాయాలనూ ఆస్ట్రియాలోని గ్రాట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు 2017లోనే చేసి చూపారు. వర్కర్‌లో పెరిగే సంఖ్యను ప్రధాన పేజీ అదే క్షణంలో చదవాలంటే ఇద్దరికీ ఉమ్మడి మెమొరీ కావాలి, దానికి దారి షేర్డ్‌అర్రేబఫర్. అది ఉంటే నానోసెకన్ల స్థాయి గడియారం దొరుకుతుంది. 2018లో గడియారంతో పాటు దానిని కూడా మూసింది అందుకే. కాబట్టి ఆ పని చేసినవారికి మీ ప్రశ్న తెలియక కాదు.

అంచుల మధ్య చుట్లు లెక్కపెట్టే ఉపాయానికి జవాబుగా బ్రౌజర్‌లు అంచునే కదిలిస్తున్నాయి. క్రోమ్‌లో గడియారం 0.1 నుంచి 0.2కు మారేది సరిగ్గా 0.2 దగ్గర కాదు, ఆ మధ్యలో యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఒక చోట. ఫైర్‌ఫాక్స్ కూడా ఇదే పద్ధతి పాటిస్తోంది. చూసేవారికి విలువ ఎప్పుడూ మెట్టుకు గుణిజమే, వెనక్కీ పోదు. కానీ అంచు ఎక్కడుందో నమ్మి లెక్కపెట్టడానికి వీలుండదు.

ఇక అది ఆపుతుందా అంటే, పూర్తిగా ఆపదు. 2021 మార్చిలో గూగుల్ వారే ఒక స్పెక్టర్ ప్రదర్శనను బయటపెట్టారు. ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్ మీద క్రోమ్ 88లో అది సెకనుకు 1 కిలోబైటు రాబట్టింది; 5 మైక్రోసెకన్ల గడియారం వాడిన దాని ఇంకో రూపం సెకనుకు 8 కిలోబైట్లు రాబట్టింది. మెట్టు 1 మిల్లీసెకను, లేదా అంతకంటే ముతకగా ఉన్న గడియారాలతో కూడా సెకనుకు 60 బైట్లు రాబట్టగలిగారు. గడియారం ముతకబారితే దోపిడీ నెమ్మదిస్తుంది, ఆగిపోదు. అసలు తలుపు సైట్ ఐసొలేషన్, అంటే ఒక్కో సైటును ఒక్కో ప్రాసెస్‌లో పెట్టడం. పక్క సైటు రహస్యం మీ ప్రాసెస్‌లోనే లేకపోతే, మీ గడియారం ఎంత సన్నదైనా దోచుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. గడియారాన్ని ముతక చేయడం ఆ తలుపు ముందున్న గడప. గడప ఎత్తుగా ఉంటే దొంగ ఎక్కలేడని ఎవరూ అనలేదు.

శంకరాభరణి

అంగీకరిస్తున్నాను, ఒక్క మాట మినహా. సెకనుకు 60 బైట్లంటే ఒక పాస్‌వర్డ్‌కు సెకను కూడా పట్టదు. నెమ్మది అన్న మాటకు ఇక్కడ పెద్ద విలువ లేదు.

గణవిభజన

కంచుకోట గారు చెప్పిన దానిని బట్టి, నా పేజీలో పక్క సైటు సరుకేమీ లేదని బ్రౌజర్‌ను ఒప్పించగలిగితే, సన్నని గడియారం తిరిగి ఇస్తుందనుకోవచ్చా?

జోడెడ్లబండి

ఇస్తుంది. అయితే ధర చెల్లించాలి, నేను చెల్లించి వచ్చినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మీ సర్వర్ పేజీతో పాటు రెండు హెడర్లు, అంటే బ్రౌజర్‌కు సూచనలు, పంపాలి. క్రాస్-ఆరిజిన్-ఓపెనర్-పాలసీ అన్నదానికి సేమ్-ఆరిజిన్ అని, క్రాస్-ఆరిజిన్-ఎంబెడర్-పాలసీ అన్నదానికి రిక్వైర్-కార్ప్ అని విలువలు పెట్టాలి. పేజీ హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి. అన్నీ కుదిరితే క్రాస్‌ఆరిజిన్‌ఐసొలేటెడ్ అనే విలువ కన్సోల్‌లో ట్రూ అని కనిపిస్తుంది, అంటే పేజీ ఏకాంతంలో ఉన్నట్టు. అప్పుడు క్రోమ్ మెట్టు 100 నుంచి 5 మైక్రోసెకన్లకు దిగుతుంది. ఈ తేడాను 2021లో 91వ వెర్షన్ నుంచి పాటిస్తున్నారు. ఫైర్‌ఫాక్స్ 79 నుంచి, సఫారీ 15.2 నుంచి ఈ రెండు హెడర్లనూ గౌరవిస్తున్నాయి. వాటి రెండింటిలోనూ మెట్టు 1 మిల్లీసెకను నుంచి 20 మైక్రోసెకన్లకు దిగుతుంది. షేర్డ్‌అర్రేబఫర్ కూడా ఈ తలుపు వెనకే ఉంది. ప్రమాణం మాటకొస్తే, ఏకాంతంలో ఉన్న పేజీకి 5, లేని పేజీకి 100 మైక్రోసెకన్లని రాశారు. ఫైర్‌ఫాక్స్, సఫారీ తమ లెక్క తాము వేసుకుని ఇంకా ముతకగా ఉన్నాయి.

ఇక ధర. మొదటి హెడర్ మీ పేజీకీ, అది తెరిచిన వేరే సైటు కిటికీకీ మధ్య తాడు తెంపుతుంది. రెండవది, వేరే సైటు నుంచి వచ్చే ప్రతి బొమ్మ, ప్రతి స్క్రిప్టు, ప్రతి ఐఫ్రేమ్ నన్ను ఇక్కడ వాడుకోవచ్చని తానే స్వయంగా ప్రకటిస్తే తప్ప లోపలికి రానివ్వదు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో, పేజీలో ఒక మూల గ్రాఫు వేగం కోసమని ఈ రెండు హెడర్లను సైటు మొత్తానికి తగిలించాం. మా పరీక్షల్లో అంతా బాగుంది. మరునాడు ఉదయం నుంచి ఫీజు కట్టేవారి ఫోన్లు మొదలయ్యాయి. డబ్బు కట్టే కిటికీ తెరుచుకుంటోంది, డబ్బు ఖాతాలోంచి పోతోంది, కిటికీ మూసుకుంటోంది, మా పేజీ మాత్రం గుండ్రంగా తిరుగుతున్న గుర్తుతో అలాగే ఉండిపోతోంది. పూర్తయిందని చెప్పడానికి ఆ కిటికీ తనను తెరిచిన పేజీని వెతుక్కుంటే, మా హెడర్ పుణ్యమా అని అక్కడ ఏమీ దొరకడం లేదు. తప్పు పట్టుకోవడానికి మాకు మధ్యాహ్నం దాటింది. సేమ్-ఆరిజిన్-అలౌ-పాపప్స్ అని మెత్తని విలువ ఒకటి ఉంది గానీ, దానితో కిటికీ పని చేస్తుంది, ఏకాంతం రాదు. చివరికి గ్రాఫు ఉన్న ఒక్క పేజీకే హెడర్లు పరిమితం చేసి బతికాం.

మీది ఒంటరి పేజీ కాబట్టి ఇంత బాధ ఉండకపోవచ్చు. బయటి ఫాంట్లు వాడుతుంటే మాత్రం ముందుగా చూసుకోండి. మీ హోస్టింగ్‌లో హెడర్లు పెట్టుకునే వీలు ఉందో లేదో కూడా కనుక్కోండి. ఉచితంగా ఇచ్చేవాటిలో చాలాచోట్ల ఉండదు. అప్పుడు సర్వీస్ వర్కర్‌తో పేజీకి హెడర్లు అతికించే దొడ్డిదారి ఒకటి ఉంది. పని చేస్తుంది, కానీ పేజీ మొదటిసారి తెరిచినప్పుడు ఒకసారి రీలోడ్ అవుతుంది.

తాళప్రస్తారం

చర్చ అంతా ఫంక్షన్ వేగం చుట్టూ తిరుగుతోంది. సమయాన్ని కొలవడం ఒక పని, సమయానికి ఒక పని జరిపించడం వేరొక పని. రెండవది నా గోడు.

సంగీతం నేర్చుకునే పిల్లల కోసం తాళం వేసే పేజీ ఒకటి చేశాను. ఆది తాళానికి ఎనిమిది క్రియలు, నిమిషానికి 72 చొప్పున అయితే ఒక్కో దెబ్బకు 833 మిల్లీసెకన్లు. మొదట సెట్‌టైమౌట్‌తో వేశాను. రెండు ఆవర్తాల్లోనే తాళం ఈడ్చుకుపోయింది. ఇన్ని మిల్లీసెకన్ల తరువాత పిలువు అంటే, అంతకంటే ముందు పిలవననే హామీ తప్ప, సరిగ్గా అప్పుడే పిలుస్తానని బ్రౌజర్ ఎక్కడా చెప్పలేదు. ఒక్కో దెబ్బకు మూడు నాలుగు మిల్లీసెకన్ల ఆలస్యం కూడుకుంటూ పోతుంది. ఆలస్యాన్ని డేట్‌తో కొలిచి సరిదిద్దబోతే, ఒక రోజు ఫోన్ గడియారం తనను తాను దిద్దుకున్నందున తేడా రుణసంఖ్యగా వచ్చి, నా పేజీ మూడు దెబ్బలు ఒకేసారి వేసింది. మా పెద్దమ్మాయి అది తిశ్ర గతి అనుకుందట.

పెర్ఫార్మెన్స్.నౌతో రుణసంఖ్యల బాధ పోయింది, కానీ మెట్టు ఎంత సన్నదైనా ఈడ్పు పోలేదు. చివరకు దారి చూపింది వెబ్ ఆడియో, అంటే బ్రౌజర్‌లో శబ్దాలు పలికించే సదుపాయం. ఆడియోకాంటెక్స్ట్‌కు తనదే అయిన గడియారం ఉంది; అది సౌండ్ కార్డు నమూనాల లెక్క. దాని ప్రస్తుత సమయాన్ని చదివితే ముతకగానే కనిపిస్తుంది, ఎందుకంటే అది 128 నమూనాలకు ఒకసారి జరుగుతుంది. సెకనుకు 44,100 నమూనాలైతే అది 2.9 మిల్లీసెకన్లు. కానీ ఫలానా సమయానికి ఈ శబ్దం మొదలుపెట్టు అని ముందే చెబితే, ఆ శబ్దం ఒక నమూనా తేడా లేకుండా, అంటే 23 మైక్రోసెకన్ల లోపల మొదలవుతుంది. కాబట్టి ఇప్పుడు నా పేజీ 25 మిల్లీసెకన్లకు ఒకసారి లేచి, రాబోయే 100 మిల్లీసెకన్లలో పడవలసిన దెబ్బలను ఆడియో గడియారానికి అప్పగించి పడుకుంటుంది. సెట్‌టైమౌట్ పది మిల్లీసెకన్లు ఆలస్యంగా లేచినా తాళం తప్పదు.

గడియారం సన్నదా ముతకా అన్నదానికంటే, ఏ గడియారం ఏ పనిది అన్నదే నాకు ముందు తెలియవలసి ఉండింది.

వేళ్ళచప్పుడు

తెలుగు టైపింగ్ అభ్యాసం పేజీ నడుపుతున్నాను. మీటకూ మీటకూ మధ్య విరామం చూపిస్తాను. ఫైర్‌ఫాక్స్‌లో 1 మిల్లీసెకను మెట్టు చూసి నేనూ మొదట్లో బాధపడ్డాను. తరువాత తెలిసింది, మామూలు యూఎస్‌బీ కీబోర్డును కంప్యూటర్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి పలకరిస్తుంది. 60 హెర్ట్జ్ తెర మీద అక్షరం కనబడడానికి 16.7 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. ఎనిమిది మిల్లీసెకన్ల గుడ్డితనం ఉన్న చోట మైక్రోసెకన్ల కోసం హెడర్లు పెట్టడం దండగ. మానుకున్నాను.

పాతకాపు

వేళ్ళచప్పుడు గారి మాట గణవిభజన గారి పనికి కూడా వర్తిస్తుంది. ఆయనకు కావలసింది సన్నని గడియారం కాదు, ఎక్కువ పని. ఒక కాగితం మందం స్కేలుతో కొలవలేము. వంద కాగితాల దొంతర మందం కొలిచి వందతో భాగిస్తాము. 15.6 మిల్లీసెకన్ల రోజుల్లో మేము బతికింది అలాగే.

మెట్టు 1 మిల్లీసెకను ఉన్నప్పుడు తేడాలో పొరపాటు ఒక మెట్టు వరకు ఉండవచ్చు. మొత్తం వ్యవధి 100 మిల్లీసెకన్లు ఉండేలా చూసుకుంటే ఆ పొరపాటు నూటికి ఒకటి అవుతుంది. మెట్టు 100 మైక్రోసెకన్లయితే 10 మిల్లీసెకన్ల పనితోనే అదే ఫలితం. కాబట్టి ఆ ఫంక్షన్‌ను ఒకసారి కాదు, రెండు వేల సార్లు పిలిచి, మొత్తానికి ముందొకసారి, తరువాత ఒకసారి గడియారం చూడండి. చుట్టు లోపల గడియారం చూడవద్దు; ప్రతి చుట్టులోనూ సున్నాలు తెచ్చి కూడితే సున్నాల మొత్తమే వస్తుంది.

మూడు గోతులున్నాయి. మొదటి చుట్లు ఎప్పుడూ నెమ్మదిగా ఉంటాయి, ఎందుకంటే జావాస్క్రిప్ట్ ఇంజిన్ తరచుగా నడుస్తున్న కోడ్‌ను గుర్తించిన తరువాతే దాన్ని యంత్రభాషలోకి మారుస్తుంది. క్రోమ్‌లో మీకు మొదట వచ్చిన 0.9 అదే. అందుకని కొలతకు ముందు కొన్ని వందల చుట్లు ఊరికే తిప్పండి. రెండవది, ఫంక్షన్ ఇచ్చిన జవాబును దేనికీ వాడకపోతే, ఈ పని ఎవరికీ అక్కరలేదని ఇంజిన్ దానిని మొత్తంగా ఎత్తివేయవచ్చు. అప్పుడు మీ కొత్త ఫంక్షన్ అద్భుతమైన వేగంతో ఏమీ చేయదు. గురువుల సంఖ్యను కూడుతూ పోయి, చివర ఆ మొత్తాన్ని తెర మీద చూపండి. మూడవది, ఒక్క పద్యాన్నే రెండు వేల సార్లు ఇస్తే ఇంజిన్ ఆ ఒక్క పద్యానికే అలవాటు పడుతుంది. నాలుగైదు వృత్తాలు మార్చి మార్చి ఇవ్వండి.

మొత్తం కొలతను పదిహేనుసార్లు చేసి సగటు కాక మధ్యమం తీసుకోండి. మధ్యలో చెత్త సేకరణ (అక్కరలేని మెమొరీని ఇంజిన్ ఖాళీ చేయడం) ఒకసారి జరిగితే సగటు చెడుతుంది, మధ్యమం చెడదు.

తెరతో సంబంధం లేని ఫంక్షన్ కాబట్టి, దాన్ని నోడ్‌లో, అంటే బ్రౌజర్ లేకుండా జావాస్క్రిప్ట్ నడిపే చోట, నడిపి చూడడం ఇంకా తేలిక. అక్కడ పక్క సైటంటూ లేదు, గడియారాన్ని ఎవరూ ముతక చేయలేదు, ప్రాసెస్.హెచ్‌ఆర్‌టైమ్.బిగ్‌ఇంట్ నానోసెకన్లలో జవాబిస్తుంది. అయితే నోడ్‌లో ఉన్నది క్రోమ్ ఇంజిన్ వీ8 మాత్రమే. ఫైర్‌ఫాక్స్‌లో ఎలా నడుస్తుందో అది చెప్పదు.

కంచుకోట

ఒక చిన్న చేర్పు. ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచినప్పుడు పెర్ఫార్మెన్స్.నౌ నడుస్తూ ఉండాలని ప్రమాణం కోరుతోంది, కానీ అలా నడుస్తున్నది విండోస్ మీద మాత్రమే. మ్యాక్, లినక్స్ మీద నిద్రపోయిన సమయం లెక్కలోకి రావడం లేదు. గంటల తరబడి నడిచే పేజీలలో, ఉదాహరణకు పరీక్ష రాసే పేజీలలో, మిగిలిన సమయం దీనితో లెక్కపెట్టవద్దు. అటువంటి చోట సర్వర్ సమయమే దిక్కు. టార్ బ్రౌజర్ వాడుకరుల గడియారం వాళ్ళ జాడ దొరక్కుండా ఇంకా ముతకగా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. వాళ్ళ దగ్గర వచ్చిన కొలతలు మీ సగటుల్లో కలపకపోవడం మేలు.

గణవిభజన

ఆదివారం కూర్చుని పాతకాపు గారు చెప్పినట్టే చేశాను. హెడర్ల జోలికి పోలేదు. నా పేజీ ఫాంటు బయటి నుంచి వస్తోంది, పైగా నా హోస్టింగ్ హెడర్లు పెట్టనివ్వదు.

ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం, కందం కలిపి మార్చి మార్చి ఇస్తూ, ముందు 500 చుట్లు ఊరికే తిప్పి, తరువాత 2,000 చుట్లు కొలిచాను. ఫైర్‌ఫాక్స్‌లో కొత్త ఫంక్షన్ మధ్యమం 84 మిల్లీసెకన్లు, అంటే పద్యానికి 42 మైక్రోసెకన్లు. పాతది 131. క్రోమ్‌లో కొత్తది 61.3, పాతది 58.9.

అవును, క్రోమ్‌లో నా కొత్త ఫంక్షన్ పాతదానికంటే కొంచెం నెమ్మది. మొదట్లో చూసిన 0, 0.1లతో ఈ సంగతి ఎన్ని రోజులు చూసినా నాకు తెలిసేది కాదు. పాతదానిలో అక్షరాలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో విడదీసేవాణ్ణి, కొత్తదానిలో ఒక్కో కోడ్‌ను చేత్తో చూసుకుంటున్నాను. తేడాకు కారణం అదేనని అనుకుంటున్నాను.

పాతకాపు

మంచి పని చేశారు. క్రోమ్‌లో ఆ 2.4 తేడాను తేడాగా ఒప్పుకునే ముందు, రెండు ఫంక్షన్ల క్రమం తారుమారు చేసి ఇంకోసారి నడపండి. ముందు నడిచినది ల్యాప్‌టాప్‌ను వేడెక్కిస్తుంది, తరువాతిది ఆ వేడిలో నడుస్తుంది.

గణవిభజన

తారుమారు చేశాను. ఈసారి కొత్తది 59.4, పాతది 60.8. కొత్తదాన్నే ఉంచేస్తున్నాను.